సగటున ప్లస్ పది

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు రవాణా మంత్రిగారు కొండబండికి కొత్త చక్రాలు మంజూరు చేస్తున్నట్టు ప్రకటించారు.

"చక్రం కనిపెట్టిన నాటి నుంచి దాని గురించి ఇంత లోతుగా ఆలోచించిన ప్రభుత్వం మరొకటి లేదు" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. పక్క కుర్చీలో ఉన్న సహాయ మంత్రిగారు కూడా అదే మాట అన్నారు. ఆయనది వేరే పార్టీ కాబట్టి విలేకరులు దాన్ని విడిగా రాసుకున్నారు.

హాలు చివర, తలుపు పక్కన, శాఖ వర్క్‌షాపు హెడ్ మెకానిక్ నిలబడి విన్నాడు. శాఖలో అందరూ అతన్ని మిల్లీమీటర్ అంటారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అతని నోట 'సుమారుగా' అనే మాట విన్నవాళ్లు లేరు.

కొండబండి శాఖకు ఒకటే ఉంది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే బండి. తలుపుల బదులు ఇనుప పంజరం ఉంటుంది. రాళ్లలో పోతుంది, బురదలో పోతుంది. ప్రతి శుక్రవారం ఒక నర్సు టీకాల పెట్టె పక్క సీట్లో కట్టుకుని, తనే నడుపుకుంటూ కొండ మీది ఊళ్లకు వెళ్తుంది. పెట్టెలో మంచు ఆరు గంటలు నిలుస్తుంది. బండిలో పైకి గంటా పది నిమిషాలు. నడిస్తే అయిదున్నర గంటలు. ఆ నర్సు మిల్లీమీటర్ చెల్లెలు.

కిందటి శుక్రవారం దారిలో రెండు రిమ్ములు పగిలాయి. ఆ రకం చక్రాలు కంపెనీ చేయడం మానేసింది. బయటి మార్కెట్లో దొరికేవి తెచ్చి నాలుగూ మార్చాలి. ఎలాంటివి తేవాలో మిల్లీమీటర్ ఒక కాగితం మీద రాసిచ్చాడు. అందులో ఉన్నవి మూడే మాటలు: ఆఫ్‌సెట్ ప్లస్ పది.

ఆ మూడు మాటల మీద మంగళవారం కమిటీ కూర్చుంది.

ఆఫ్‌సెట్ అంటే ఏమిటో చెప్పమన్నారు శాఖ డైరెక్టర్‌గారు. మిల్లీమీటర్ బల్ల మీది సెల్లోటేప్ చుట్ట తీసి నిలబెట్టాడు.

"ఇది చక్రం అనుకోండి సార్. వెడల్పుకి సరిగ్గా నడుమ ఒక గీత. బోల్టులు బిగించే ముఖం ఆ గీతకి బయటి వైపుంటే ప్లస్. చక్రం బండి కిందకి జరుగుతుంది. ముఖం లోపలి వైపుంటే మైనస్. చక్రం బయటికి పోతుంది."

"బయటికి పోతే ఏమవుతుంది?" అన్నారు మంత్రిగారు.

"బేరింగుల మీద బరువు పడుతుంది సార్. రాయి తగిలితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. బురదంతా కూర్చున్నవాళ్ల ముఖాన కొడుతుంది."

"అది కాదయ్యా, చూడ్డానికి?"

"చూడ్డానికి వెడల్పుగా ఉంటుంది సార్."

"అదీ మాట. ఛాతీ విరిచి నిలబడ్డట్టు. ఎంత దాకా దొరుకుతుంది?"

"మైనస్ ముప్పై ఎనిమిది దాకా ఉన్నాయి. కానీ సార్..."

"రాసుకోండి" అన్నారు మంత్రిగారు, డైరెక్టర్ వైపు తిరిగి.

సహాయ మంత్రిగారికి అప్పటివరకు చక్రాల మీద ఏ అభిప్రాయమూ లేదు. అప్పుడు ఏర్పడింది.

"మా పార్టీ సిద్ధాంతం అణకువ" అన్నారాయన. "చక్రం బండి కిందే ఉండాలి. లోపలికి ఎంత దాకా దొరుకుతుంది?"

"ప్లస్ యాభై ఎనిమిది. కానీ సార్..."

"మాదీ రాసుకోండి."

కూటమి ఒప్పందం ప్రకారం శాఖలో ప్రతిదీ సగం సగం. సమావేశం గదిలో ఏసీ వేసే హక్కు ఒక పార్టీది, ఆపే హక్కు మరో పార్టీది. నాలుగు చక్రాలంటే తలా రెండు. దాని మీద వివాదం లేదు. ఏ రెండు అన్నదాని మీద నలభై నిమిషాలు పట్టింది.

"ముందువి మావి" అన్నారు మంత్రిగారు.

"అంటే మేం మీ వెనకాల దొర్లుకుంటూ రావాలా?" అన్నారు సహాయ మంత్రిగారు.

"పోనీ ఐమూలగా పంచుకుందాం సార్" అన్నారు డైరెక్టర్‌గారు. మిల్లీమీటర్‌కు తాగుతున్న నీళ్లు పొలమారాయి.

చివరకు సహాయ మంత్రిగారే దారి చూపారు. ఎడమవి రెండు మంత్రిగారి పార్టీవి, కుడివి రెండు తమ పార్టీవి. ఎవరూ ఎవరికీ వెనక ఉండరు. మంత్రిగారు లేచి ఆయన చేయి పట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి మళ్లీ పట్టుకున్నారు.

"సార్, ఒక్క మాట" అన్నాడు మిల్లీమీటర్. "ఒకే బండికి ఎడమ మైనస్ ముప్పై ఎనిమిది, కుడి ప్లస్ యాభై ఎనిమిది పెడితే..."

డైరెక్టర్‌గారు కాలిక్యులేటర్ తీశారు.

"కలిపితే ఇరవై. రెండుతో భాగిస్తే?"

"పది సార్."

"ప్లస్సా, మైనస్సా?"

"ప్లస్సే."

"నీ కాగితంలో ఏముంది?"

"ప్లస్ పది."

"మరి ఇంకేం కావాలయ్యా నీకు? అడిగింది అడిగినట్టు ఇచ్చినా ముఖం అలా పెడతావేం?"

"బండి సగటు మీద నడవదు సార్. చక్రాల మీద నడుస్తుంది."

"ఇది టెక్నికల్ కమిటీ. రాజకీయాలు మాట్లాడకు" అన్నారు డైరెక్టర్‌గారు.

హెడ్ మెకానిక్ కోరిన ఆఫ్‌సెట్‌నే కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిందని మినిట్స్‌లో రాశారు. కింద అతని చేత సంతకం పెట్టించారు. అది హాజరు సంతకమని చెప్పారు.

చక్రాలు బుధవారం ఉదయం వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి బిగించడం అయిపోయింది. ఎడమ చక్రాలు పాత వాటి కంటే నలభై ఎనిమిది మిల్లీమీటర్లు బయటికి వచ్చాయి. కుడి చక్రాలు అంతే లోపలికి పోయాయి. మిల్లీమీటర్ బండి వెడల్పు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

బండి నేరుగా వెళ్లింది. ఎడమకు తిరిగింది. కుడికి తిప్పితే కుడి ముందు టైరు, చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్‌కు తగిలి స్టీరింగ్ ఆగిపోయింది. మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అక్కడే ఆగింది.

డ్యూటీ దిగి చెల్లెలు వర్క్‌షాపుకు వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంటన్నయ్యా ఇది? ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసినట్టుంది."

"కూటమి" అన్నాడు.

ఆమె ఎక్కి కూర్చుని స్టీరింగ్ కుడికి తిప్పింది. టైరు గీసుకున్న చప్పుడు విని వదిలేసింది.

"దారిలో కుడి మలుపులెన్ని?" అని అడిగాడు.

"పంతొమ్మిది. ఆరింటికి పక్కన లోయ."

"ఎడమవి?"

"ఇరవై ఒకటి. అంటే సగం కంటే ఎక్కువే బాగా వెళ్తానన్నమాట."

అతను నవ్వలేదు.

"అలా చూడకు. నీ చూపుకి నాకే ఏదో అయ్యేట్టుంది" అంది చెల్లెలు. "ఎల్లుండి శుక్రవారం. పైన పిల్లలకి రెండో డోసు. ఆ రోజు దాటితే మందు గడువు తీరిపోతుంది. శాఖ బండి ఇచ్చిందంటే ఎక్కక తప్పదు, ఎక్కనంటే మెమో ఇస్తారు. బండి ఇవ్వకపోతే నడుస్తాను."

"నడిస్తే టీకాలు వేసేలోగా మంచు కరుగుతుంది."

"ఎక్కితే నేను పోతాను. లెక్కలు నీకు బాగా వచ్చుగా, తేల్చి చెప్పు."

అతను వెంటనే డైరెక్టర్ గదికి వెళ్లాడు. చక్రాలు నాలుగూ తిరిగిచ్చి ప్లస్ పదివి తెస్తానన్నాడు. షాపువాళ్లు ఒప్పుకున్నారని కూడా చెప్పాడు.

"శిలాఫలకం చెక్కడం అయిపోయింది" అన్నారు డైరెక్టర్‌గారు. "ఎడమవి ఎవరివో, కుడివి ఎవరివో పేర్లతో సహా. రాయి మార్చమంటావా?"

"చక్రాలు మార్చమంటున్నాను సార్."

"చక్రాలు మారిస్తే రాయి అబద్ధమవుతుంది కదయ్యా."

గురువారం పదకొండు గంటలకు మైదానంలో అంకితోత్సవం జరిగింది. స్టీరింగ్ ఒకవైపే ఉంటుందన్న సంగతి ఒప్పందంలో లేదు. సగం దూరం మంత్రిగారు, సగం దూరం సహాయ మంత్రిగారు నడపాలని అక్కడికక్కడే తేల్చారు. బండి వేదిక దగ్గర బయలుదేరింది. ఎడమకు తిరిగింది. మైదానం మధ్యలో ఆగింది. ఇద్దరూ దిగి సీట్లు మారారు. మళ్లీ ఎడమకు తిరిగి వేదిక దగ్గరికే వచ్చింది. కార్యక్రమ పత్రంలో బండి గేటు దాటి వెళ్తుందని ఉంది. గేటు కుడివైపు ఉంది.

"ఎక్కడ బయలుదేరిందో అక్కడికే క్షేమంగా చేర్చడం ఈ బండి ప్రత్యేకత" అని డైరెక్టర్‌గారు మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు.

"కుడికి తిరుగుతుందా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"ప్రజలు ఎటు కోరితే అటు" అన్నారు మంత్రిగారు. ఆయన ముఖం మీద బురద ఉంది. సహాయకుడు తుడవబోతే వద్దన్నారు. ఫొటోలింకా అవలేదు.

మూడున్నరకు డైరెక్టర్‌గారు ఫిట్‌నెస్ ఫారం మిల్లీమీటర్ ముందు పెట్టారు. అయిదులోగా సంతకం కావాలి. సంతకం ఉంటే శుక్రవారం ఉదయం బండి కొండ ఎక్కాలి.

"కుడికి తిరగదు సార్."

"ఫారంలో ఏముంది? చదువు."

"స్టీరింగ్ తిరుగుతుందా?"

"ఎటు అని అడిగారా?"

"లేదు సార్."

"అడగనిదానికి జవాబెందుకు? తిరుగుతుందా, లేదా?"

"తిరుగుతుంది."

"టిక్ పెట్టు."

అతను టిక్ పెట్టాడు. బ్రేకులకు పెట్టాడు, లైట్లకు పెట్టాడు. చివరి గడి దగ్గర కలం ఆపాడు. 'ఏ దారికి యోగ్యము' అని ఉంది. ఆ గడిని ఇన్నేళ్లలో ఎవరూ నింపలేదు. 'అన్ని దారులకు' అని ముందే అచ్చు వేయించమని అతనే ఒకసారి సలహా ఇచ్చాడు. మూడు నిమిషాలు ఆలోచించి 'కుడి మలుపులు లేని దారికి' అని రాశాడు. కింద సంతకం చేశాడు.

డైరెక్టర్‌గారు 'యోగ్యము' అన్న మాట దాకా చదివి ముద్ర వేశారు.

"ఇంత చిన్న పనికి మూడు రోజులు ప్రాణం తీశావు" అన్నారు.

శుక్రవారం ప్రయాణానికి ఉత్తర్వు టైపు చేస్తూ సెక్షన్ క్లర్కు పూర్తి వాక్యం చదివాడు. సర్టిఫికెట్‌లో రాసిన దారి తప్ప మరో దారిలో బండి నడిపితే ఉత్తర్వు మీద సంతకం చేసినవాళ్లదే బాధ్యత అని నిబంధన ఉంది. అది డైరెక్టర్‌గారికి చూపించాడు. ఆ సాయంత్రమే అయిదుంబావుకు మిల్లీమీటర్‌కు ఫోన్ వచ్చింది.

"కుడి మలుపులు లేని దారి ఈ భూమ్మీద ఎక్కడుందయ్యా?"

"పొద్దున మంత్రిగారు నడిపింది ఒకటుంది సార్."

"మైదానమా" అన్నారు డైరెక్టర్‌గారు. గొంతులో కోపం లేదు. "నిజమే. ఫొటోలకి వెలుతురు కూడా బాగుంటుంది."

కొండబండి సేవలను తదుపరి ఉత్తర్వుల వరకు మైదానంలో కొనసాగిస్తున్నట్టు ఆరు గంటలకు ప్రకటన వెలువడింది.

మిల్లీమీటర్ ఒక రోజు సెలవు పెట్టాడు. కారణం దగ్గర 'నడక' అని రాశాడు.

శుక్రవారం ఉదయం అయిదింటికి అన్నాచెల్లెళ్లు కొండ కింద నుంచి బయలుదేరారు. పెట్టె పన్నెండు కిలోలు. అరగంటకు ఒకసారి మార్చుకోవాలని అనుకున్నారు. రెండో గంట నుంచి అతను మార్చుకోనివ్వలేదు.

"ఇటివ్వు అన్నయ్యా, నీ నడుం చూడు."

"నువ్వు మంచు చూడు."

"మూత తీస్తే ఇంకా తొందరగా కరుగుతుంది. గడియారం చూసుకో."

"అదే చూస్తున్నా. రెండు నిమిషాలు వెనకబడ్డాం."

"ఇవాళైనా సుమారుగా నడవకూడదా?"

అతను అడుగు పెద్దది వేశాడు.

పది గంటల ఇరవై రెండు నిమిషాలకు పైకి చేరారు. మూత తీసినప్పుడు పెట్టెలో ఒక మంచు పలక మిగిలి ఉంది. పదకొండింటికి ఏడు నిమిషాల ముందు ఆఖరి టీకా వేశారు. పదకొండు మంది పిల్లలు. రూలు ప్రకారం చెల్లెలు ఆ అంకెను ఫోనులో శాఖ ఆఫీసుకు చెప్పింది.

శనివారం ఉదయం మిల్లీమీటర్ డ్యూటీలో చేరి కొండబండి లాగ్‌బుక్ తెరిచాడు. శుక్రవారం పేజీలో డైరెక్టర్‌గారి చేతిరాత ఉంది.

'మైదానం చుట్టూ: ముప్పై రెండు రౌండ్లు. బండి ద్వారా వేసిన టీకాలు: పదకొండు.'