గడియారాల కొట్లో ఈమెయిల్

ఆ పొద్దున గడియారాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి, భార్య టైపు చేసిపెట్టిన దరఖాస్తును కంప్యూటర్లోంచి పురపాలక ఆఫీసుకు ఈమెయిల్ చెయ్యాలి, ఆ తర్వాత కాళ్లు బారజాపుకుని కాఫీ తాగాలి. గడువు పదకొండింటి దాకా ఉంది. ఒక మీట నొక్కడానికి మూడు గంటలు చాలవా అనుకున్నాడు.

దరఖాస్తు ఎదురుగా ఉన్న గంటస్తంభం కోసం. దాని గడియారం ఆగిపోయి తొమ్మిదేళ్లు. కొట్టుకు వచ్చిన ప్రతివాడూ ఒకసారి పైకి చూసి, "నీ కళ్లముందే అదలా పడుంటే నీ చేతికి మా వాచీ ఎలా ఇవ్వమంటావయ్యా?" అని నవ్వేవాడు. తొమ్మిదేళ్లు ఆ నవ్వు దిగమింగాడు మేస్త్రి. ఇన్నాళ్లకు ఆఫీసువాళ్లు దాన్ని బాగుచేసే మనిషి కావాలన్నారు. దరఖాస్తు మాత్రం ఈమెయిల్లోనే పంపాలట, చేత్తో ఇస్తే తీసుకోరట. నాలుగడుగులు నడిస్తే వచ్చే ఆఫీసుకు కాగితం ఆకాశం మీదుగా పంపమనడం చదువుకున్నవాళ్లకే తట్టే ఆలోచన.

కంప్యూటరు బావమరిది వాడి వదిలేసింది, ఇరవై ఏళ్ల నాటిది. నిన్నటిదాకా ఒళ్లు వంచి పనిచేసింది. మేస్త్రి 'పంపు' నొక్కాడు. 'సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు' అంది. ఉత్తరం కదలకుండా లోపలి పెట్టెలో కూర్చుంది. పదిసార్లు నొక్కినా అదే మాట.

"అలా పొడవకండి, కందిరీగల తుట్టెనుకున్నారా?" అంది భార్య. "మా తమ్ముణ్ణి పిలుస్తానుండండి."

"వద్దే. వాడొస్తే అయ్యే పని కూడా ఆగుతుంది."

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే ఆవిడ ఫోను చెవిన పెట్టేసింది.

బావమరిది మూడు కంప్యూటర్ కోర్సులు చదివాడు. మేస్త్రి మనసులో అతనికి పెట్టుకున్న పేరు ప్రొఫెసర్. వస్తూనే కుర్చీ లాక్కున్నాడు. "జరుగు బావా. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాళ్లకి ఇవి అంతుపట్టవులే. నెట్టు రావట్లేదు, అంతే." అంటూ గోడ మీది నెట్టు పెట్టె వైరు పీకాడు.

ఆ పెట్టె కొట్టుకూ, పక్కింటి టైలరమ్మకూ ఉమ్మడిది. అరనిమిషంలో ఆవిడ మెళ్లో టేపుతో ఊడిపడింది.

"ఎవరా వైరు పీకింది? కస్టమరు వీడియోలో కొలతలు చెబుతుంటే నడుం దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది! కింది సగం మీ తాత చెబుతాడా?"

అంటే నెట్టు శుభ్రంగా ఉందన్నమాట. వైరు తగిలించి ప్రొఫెసర్ రెండో మందు తీశాడు. వైరస్‌ల కాపలా ప్రోగ్రామే అడ్డుపడుతోందని దాన్ని తీసేశాడు. దాంతో కంప్యూటరు ఆరిపోయి, మూలుగుతూ మళ్లీ లేవడానికి అరగంట తీసుకుంది. లేచి, 'సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు' అంది.

"వెనక ఎక్కడో వైరు వదులైంది బావా," అని ప్రొఫెసర్ బల్లను గట్టిగా ఒక్క తోపు తోశాడు.

బల్ల వెళ్లి అద్దాల బీరువాకు గుద్దుకుంది. బీరువాలో రిపేరుకొచ్చిన నలభై అలారం గడియారాలున్నాయి. నాలుగు నెలలుగా ఎంత తిప్పినా నోరు మెదపనివి కూడా ఒక్కసారిగా గొంతెత్తాయి. భార్య చెవులు మూసుకుంది. టైలరమ్మ మళ్లీ పరిగెత్తుకొచ్చింది. వీధిలో వెళ్లేవాళ్లు ఆగారు. ఆగినవాళ్లలో ఒకాయన నిప్పంటుకుందని నిర్ధారణ చేసుకుని ఫైరింజనుకు ఫోన్ చేశాడు. మేస్త్రి ముప్పై ఏడో అలారం నొక్కేసరికి ఎర్రబండి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మంటెక్కడ?" అన్నాడు ఫైరాయన, గొట్టం చంకలో పెట్టుకుని.

"నా కడుపులో," అన్నాడు మేస్త్రి.

ఫైరాయన నిట్టూర్చి పుస్తకం తీశాడు. "సరే, వచ్చిన టైము రాసుకోవాలి. ఎంతైంది?"

"పదకొండుంపావు," అన్నాడు ప్రొఫెసర్ గోడకేసి చూసి. "ఇంకెందుకులే బావా, గడువు దాటిపోయింది."

"మూడున్నర కదా!" అంది టైలరమ్మ ఇంకో గోడకేసి చూసి.

"ఇన్ని గడియారాలున్నాయి, రెండు ఒక్క మాట చెప్పవేమయ్యా?" అన్నాడు ఫైరాయన.

"అవన్నీ రోగులండీ! వాటి మాట పట్టించుకోకండి. నా చేతి వాచీ ఒక్కటే ఆరోగ్యంగా ఉంది. పదీ యాభై నాలుగు." అంటూ మేస్త్రి ఒక్కో రోగినీ వేలితో చూపిస్తూ వచ్చాడు. వేలు కంప్యూటరు తెర మూల దగ్గరికొచ్చి ఆగిపోయింది. అక్కడ పన్నెండూ నలభై, జనవరి ఒకటి అని ఉంది. సంవత్సరం పందొమ్మిదేళ్ల కిందటిది.

పొద్దున్నుంచీ ముగ్గురూ దాన్ని చూస్తూనే ఉన్నారు. ఆ కొట్లో తప్పు టైము ఎవరి కంటికీ ఆనదు.

"రాత్రి కరెంటు పోయింది," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "దీని లోపల బ్యాటరీ చచ్చింది. ముందు టైము సరిచేస్తాను."

"తేదీకీ మెయిల్‌కీ సంబంధమేంటి బావా? చదువుకోకపోతే ఇదే చిక్కు."

"నాకు తెలీదు. రిపేరు చీటీ కట్టని గడియారం నా కొట్లో తప్పు చూపించకూడదు. జరుగు."

ఈసారి జరిగింది ప్రొఫెసర్. మేస్త్రి తేదీ సరిచేశాడు, నిమిషం సరిచేశాడు, సెకను కూడా తన వాచీతో కలిపాడు. 'పంపు' నొక్కాడు. లోపల కూర్చున్న ఉత్తరం కిక్కురుమనకుండా వెళ్లిపోయింది. పదీ యాభై ఏడు. గుమ్మంలో జనం దేనికో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. ఫైరాయన చెయ్యి కలిపాడు.

"అదే, నేనూ అదే చెప్పబోతున్నా," అన్నాడు ప్రొఫెసర్. "అవతలి సర్వరు తన గుర్తింపు కాగితం చూపిస్తుంది. దానికి గడువు తేదీలుంటాయి. తేదీ తప్పితే అది దొంగ కాగితమని మన యంత్రం తలుపు తియ్యదు."

"పొద్దున్నుంచీ ఆ ముక్క నీ నోట్లోనే నానిందా తమ్ముడూ?" అంది అక్క.

మూడో రోజు మేస్త్రి కొట్టు ముందు జీపు ఆగింది. దిగింది సాక్షాత్తూ పురపాలక పెద్దాఫీసరు. ఆయనే చేతులు కట్టుకుని నిలబడేసరికి మేస్త్రి భూతద్దం కంటినుంచి జారి ఒళ్లో పడింది.

"క్షమించాలండీ. మీ దరఖాస్తు మొన్ననే మా కళ్లబడింది. అందరికన్నా పైన ఉంది, తేదీ చూస్తే పందొమ్మిదేళ్ల కిందటిది! గడియారాన్ని వెంటనే పట్టించుకోకపోతే ఊరి పరువు పోతుందని రాశారు. అది ఆగింది తొమ్మిదేళ్ల కిందటే కదా! పదేళ్లు ముందే హెచ్చరించారు మీరు. మావాళ్లెవరో తొక్కిపెట్టారు. ఈ సంగతి పైకి పొక్కితే మా ఉద్యోగాలుండవు. పనికి ఇదిగో మంజూరు, జీవితాంతం మీదే. బయట మాత్రం అనకండి."

అది ఆ రోజు మొదటిసారి 'పంపు' నొక్కినప్పుడు ఉత్తరం మీద పడ్డ కంప్యూటరు తప్పు తేదీ అని చెప్పడానికి ప్రొఫెసర్ నోరు తెరిచాడు. అక్క అతని కాలు తొక్కింది. మేస్త్రి కాగితం అందుకుని, పైకి, స్తంభం వైపు చూశాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి దాన్ని చూసి ఆయన నవ్వాడు.

"సరేలెండి," అన్నాడు పెద్దమనసు చేసుకుని, "అనను."

మూడు రోజుల్లో కదిలిన ఫైలు ఆ ఆఫీసు చరిత్రలో అదొక్కటేనట.