వగరాకు పథకంలో మేకల కనకవ్వ

మేకల కనకవ్వ మేకగా మారింది బుధవారం నాడు. ఆ సంగతి ఆమెకు శుక్రవారం, చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేయడానికి పశువుల డాక్టరు వచ్చాక గానీ తెలియలేదు. తిన్నది మళ్ళీ మళ్ళీ నోట్లోకి వస్తుంటే రెండు రోజులుగా పైత్యం అనుకుంటోంది. అది నెమరట.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మేక కడుపులో మీథేన్ అనే గాలి పుడుతుంది. అది త్రేన్పుగా బయటికొచ్చి లోకాన్ని వేడెక్కిస్తుంది. తుమ్మ, సుబాబుల్ లాంటి వగరు ఆకులు మేపితే ఆ గాలి తగ్గుతుంది, పైగా ఆకుల్లో మాంసకృత్తులుంటాయి గనుక ఒంటికి కండ పడుతుంది. అందుకని సర్కారు వగరాకు పథకం పెట్టింది. జాబితా రాసిన గుమాస్తా ఇంటిపేరు గడిలో 'మేకల' అని చూశాడు. ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంకా అడిగేదేముందని కనకవ్వను జీవాల పట్టీలో ఎక్కించాడు. పట్టీలోకి ఎక్కినాక మేక కాకుండా ఉండటం ఎవరి తరం?

డాక్టరు విద్యాసాగర్ నెమ్మదస్తుడు. "ఏ చెవికి వెయ్యాలి అవ్వా?" అని అడిగాడు.

"రెండు చెవులకు కమ్మలున్నయి సారూ. కుడిది జర పెద్దగుంటది, దానికెయ్యుండ్రి."

బిళ్ళతో పేచీ లేదు. పేచీ అంతా చుక్కితో వచ్చింది. చుక్కి కనకవ్వ పెంచుకున్న ఆడమేక. పుట్టిన రోజే తల్లి చస్తే సీసాపాలు పట్టి బతికించింది. పథకంలో ఇంటికి ఒక్క మేకే. కనకవ్వ మేక అయ్యాక చుక్కి మిగులు. మిగులు మేకల్ని సోమవారం లారీ ఎక్కిస్తారు. లారీ ఎక్కడికి పోతుందో రాయడానికి ఫారంలో గడి లేదు.

కనకవ్వ చుక్కి మెడ పట్టుకుని, "నేను మేకను గాను సారూ. గిదే మేక. మల్ల రాయుండ్రి" అంది.

"సవరించాలంటే యజమాని వేలిముద్ర కావాలవ్వా. మేకకు మేక యజమాని కాదు" అన్నాడు డాక్టరు. కానీ ఆమె ముఖం చూసి లేచి వెళ్ళలేకపోయాడు. నిబంధనల పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు. పంతొమ్మిదో పేజీలో, యజమాని అనగా సదరు ఇంట నివసించుచు పథకమున నమోదు కాని ప్రాణి, అని ఉంది. చుక్కి ఇంట్లోనే ఉంటోంది. నమోదు కాలేదు. ప్రాణి అనడంలో సందేహం లేదు.

"యజమానిని లారీ ఎక్కించరు" అన్నాడు డాక్టరు.

కనకవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గట్లనే రాయుండ్రి. ఇన్నేండ్లు నేనే యజమాన్ననుకున్న గని, ఎప్పుడు లేవాలె, ఎటు పోవాలె, అంత అదే చెప్పేది."

చుక్కి ముందుకాలి గిట్టకు సిరా పూసి ముద్ర వేయించారు. కాలు కదలకుండా కనకవ్వే పట్టుకుంది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం డాక్టరు వచ్చేవాడు. కనకవ్వ మూతికి రబ్బరు తొడుగు పెట్టి త్రేన్పు కొలిచేవాడు, తూకం చూసేవాడు, కంటి రెప్ప కిందికి లాగి రక్తం ఉందో లేదో పరీక్షించేవాడు. సుబాబుల్ మూడో వంతు మించితే జుట్టు రాలుతుందని, ఆకుల గంపలో స్వయంగా చెయ్యిపెట్టి కలిపేవాడు. తర్వాత చుక్కి వైపు తిరిగి మర్యాదగా, "మీ కనకవ్వ పొద్దున సరిగా తిన్నదాండీ?" అని అడిగేవాడు. చుక్కి మే అనేది. ఆయన రాసుకునేవాడు. ఐదు వారాల్లో కనకవ్వ గాలి ఐదో వంతు తగ్గింది, మూడు కిలోలు ఒళ్ళు చేసింది. ఆ గంపలోనే మూతిపెట్టే యజమానికీ నిగారింపు వచ్చింది.

ఆరో వారం జిల్లా నుంచి సవరణ ఉత్తర్వు వచ్చింది. కనకవ్వ కోరితే మళ్ళీ మనిషి కావచ్చు. అప్పుడు ఇంటికి ఒక్క మేక చుక్కియే గనుక దానికీ భయం లేదు. డాక్టరు సంతోషంగా చదివి వినిపించాడు.

కనకవ్వ నెమరు ఆపింది. "మనిషినైతే నా కోసం శుక్రారం శుక్రారం వస్తరా సారూ?"

"చుక్కి కోసం వస్తాను. మనుషులకు ఈ పథకం లేదవ్వా."

"తిన్నవా లేదా అని నన్ను అడిగెటోళ్ళు ఎవలన్న వస్తరా?"

ఆయన ఉత్తర్వును ముందూ వెనకా తిప్పి వెతికాడు. అలాంటి గడి లేదు.

"మా ఆయన పోయినంక ఆ మాట మీ నోటనే ఇన్న. నన్ను గిట్లనే ఉండనియ్యుండ్రి" అంది. ఆపైన ఆయన ముఖంలోకి చూసి, "మీరు తిన్నరా సారూ?" అంది.

డాక్టరు రబ్బరు తొడుగును అనవసరంగా తుడుస్తూ కూర్చున్నాడు. కనకవ్వ గంపను ఆయన వైపు జరిపింది. "తినుండ్రి. జర వగరుంటది గని, కడుపుల సల్లగుంటది."

ఆయన ఒక రెమ్మ తీసుకుని నిదానంగా నమిలాడు.

సోమవారం నాటికి ఇంటిపేరును 'మేకల'గా మార్చమని ఆఫీసుకు పదకొండు దరఖాస్తులు వచ్చాయి. మొదటిది డాక్టరు విద్యాసాగర్‌ది. కారణం అనే గడిలో ఆయన 'అడిగేవారు లేరు' అని రాశాడు. గుమాస్తా అది చదివి, కారణం సరిపోతుందని ముద్ర వేశాడు.