మంత్రిగారు జయించిన పుండు

"నోటి క్యాన్సర్‌ను ఈ గడ్డ మీద నుంచి తరిమి తరిమి కొడతాం!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఆ సమయంలో ఆయన ఎడమ బుగ్గలో పొగాకు ఉండటం వల్ల రెండు "తరిమి"ల దగ్గరా కాస్త తుంపర పడింది. ముందు వరుసలోని పెద్ద డాక్టర్లు దాన్ని శాస్త్రీయ దృష్టితో స్వీకరించి, కళ్లజోళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

ప్రారంభోత్సవం జన్యు పరీక్షల ల్యాబ్‌కి. మంత్రిగారి డ్రైవరు గుమ్మం పక్కన నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా సభల్లో నిలబడే కునుకు తీయడం సాధన చేసిన మనిషి, ఆ రోజు మాత్రం రెప్ప వాల్చలేదు. కారణం అతని కుడి బుగ్గ లోపల ఉంది. మూడు నెలలుగా మానని పుండు. మంచినీళ్లు తాగినా మంటే. ఆసుపత్రిలో పరీక్షకు పేరు రాయించుకుంటే ఎనిమిది నెలలాగి రమ్మన్నారు.

"ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి సార్," అని టెక్నీషియన్ అమ్మాయి వివరిస్తోంది. "కొన్ని పనిచేస్తాయి, కొన్ని ఊరుకుంటాయి. ఊరుకోవాల్సినవి గోల చేస్తూ, కాపలా కాయాల్సినవి నిద్రపోతుంటే క్యాన్సర్ అన్నమాట. ఏది ఎంత గోల చేస్తోందో ఈ మెషీన్ కొలుస్తుంది. దాన్నిబట్టి జబ్బు ఎంత మొండిదో అంచనా వేస్తాం."

"అర్థమైంది. అచ్చం మా పార్టీ," అన్నారు మంత్రిగారు. అందరూ నవ్వారు. ఎక్కువ నవ్విన వాళ్ల పేర్లు పీఏ రాసుకున్నాడు.

మొదటి నమూనా మంత్రిగారే ఇవ్వాలి. కుర్చీలో కూర్చున్నారు, నోరు తెరిచారు, ఫొటోలు పడ్డాయి. బుగ్గ లోపల బ్రష్‌తో గట్టిగా గీకుతారని, చుక్క రక్తం కూడా వస్తుందని తెలిశాక లేచి నిలబడ్డారు.

"ప్రజల కోసం ప్రాణమైనా ఇస్తాను. బుగ్గ అడక్కండి."

పీఏ వెంటనే డ్రైవర్ని తెర వెనక్కి లాక్కెళ్లాడు. "పన్నెండేళ్లు ఒకే కార్లో ఒకే గాలి పీల్చారు. ఆయన బుగ్గయితేనేం, నీ బుగ్గయితేనేం? నోరు తెరు."

డ్రైవరుకి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. "ఇదిగో, ఈ పుండు మీదే గీకమ్మా," అని వేలు పెట్టి మరీ చూపించాడు. "రిపోర్టు నా పేరు మీదే ఇస్తారుగా?"

"లేబుల్ ముందే ప్రింటయిపోయింది బాబాయ్," అంది ఆ అమ్మాయి తల దించుకుని.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, అందులోనూ మొండి రకం. కారు తాళాలకోసం వచ్చిన డ్రైవరు మంత్రిగారి గది తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"కంగారు పడకండి సార్. ఇది మీది కాదు, డ్రైవర్‌ది," అంటున్నాడు పీఏ.

సరిగ్గా ఆ వారమే మంత్రిగారి పదవి ఊడబీకాలని పార్టీ పెద్దనాయకుడు నిర్ణయించి ఉన్నారు. మంత్రిగారు రిపోర్టును ఆప్యాయంగా నిమిరారు.

"క్యాన్సర్ ఉన్నవాణ్ని తీసేస్తారంటావా?"

"తీయలేరు సార్. జనం ఉమ్మేస్తారు."

"అయితే ఇది నాదే."

మర్నాటికి దేశమంతా కన్నీరు. పెద్దనాయకుడు స్వయంగా వచ్చి మంత్రిగారి చెయ్యి పట్టుకుని, పదవి గురించి బెంగపడొద్దన్నారు. చికిత్సకు విదేశం వెళ్తున్న మంత్రిగారిని విమానాశ్రయానికి తీసుకెళ్లింది మన డ్రైవరే. పెట్టెలు దించాక ధైర్యం చేసి పీఏని పక్కకు పిలిచాడు.

"అయ్యా, ఆ జబ్బు నాదండీ."

"నీకెందుకయ్యా అంత అత్యాశ? బులెటిన్‌లో ఎవరి పేరుంది? మంత్రిగారి జబ్బు నాదంటే ఆక్రమణ కేసవుతుంది, జాగ్రత్త!"

ఇంటికెళ్లి భార్యతో, "నాకు భయంగా ఉందే," అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట ఆమె వినలేదు.

"భయపడి ఇంట్లో కూర్చుంటే ఎలాగండీ? రేపే వెళ్లి మళ్లీ పరీక్ష చేయించుకోండి," అంది.

వెళ్తే, ల్యాబ్‌కి కొత్త మెషీన్ చూడ్డానికొచ్చే పెద్దల తాకిడి ఎక్కువై నెలన్నరపాటు పరీక్షలు ఆపేశారన్నారు. మళ్లీ తెరిచిన రోజే టెక్నీషియన్ అమ్మాయి వరుస తప్పించి అతని నమూనా తీసుకుంది. వారం తర్వాత కంప్యూటర్‌లో ఫలితం చూసి పెదవి కొరుక్కుంది.

"ఈ బుగ్గ జన్యువులకి ముందే ఫైలుందట బాబాయ్. మంత్రిగారి పేరు మీద. నిన్న ఆయన తిరిగొచ్చారుగా, 'పూర్తిగా నయమైంది' అని మూసేశారు. మూసిన ఫైలుకి చికిత్స చీటీ రాదు."

"నాదేనని నీకు తెలుసు కదమ్మా!" అన్నాడు, బిగుసుకుపోతున్న దవడతో కూడబలుక్కుంటూ.

"నాకు తెలుసు. మెషీన్‌కీ తెలుసు. మా ఇద్దరికీ సంతకం చేసే అధికారం లేదు." ఒక కాగితం అతని చేతిలో పెట్టింది. "ఫైలు మళ్లీ తెరవమని మంత్రిగారు సంతకం పెడితే చాలు. ఆలస్యం చెయ్యకు బాబాయ్. ఇది ఆగే రకం కాదు."

ఆ సాయంత్రమే "క్యాన్సర్ విజేత"కు పౌర సన్మానం. విదేశీ వైద్యం బాగా పనిచేసినట్టుంది, మంత్రిగారు ఆరు కిలోలు ఒళ్లు చేశారు. బుగ్గలో పొగాకు యథాస్థానంలో ఉంది. డ్రైవరు కాగితం పట్టుకుని వేదిక ఎక్కాడు. పీఏ అడ్డుపడేలోపే మంత్రిగారు అతన్ని కావలించుకున్నారు. కెమెరాలు మెరిశాయి.

"ఇతను నా డ్రైవరు. నా బాధలో సగం ఇతనే అనుభవించాడు!"

ఆ రోజు ఉపన్యాసంలో నిజానికి అంత దగ్గరగా వచ్చిన వాక్యం మరొకటి లేదు. లెక్కలో సగం తేడా ఉంది, అంతే. ఆయన మైకు డ్రైవరు నోటి దగ్గర పెట్టారు. అప్పటికి ఆ నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. "ఆ..." అన్న మూలుగు తప్ప ఏమీ రాలేదు.

"ఆనందం పట్టలేక మాట రావడం లేదు పాపం," అని మంత్రిగారు జనానికి వివరించారు. అతని చేతిలోని కాగితం అందుకుని, చదవకుండానే అడ్డంగా "ధైర్యమే మందు, ఆశీస్సులతో" అని రాసి, పెద్ద సంతకం చేసి, తిరిగి చేతిలో పెట్టారు.

తెల్లారి డ్రైవరు ముద్ర వేయించడానికి ఆ కాగితాన్నీ, ఆసుపత్రిలో చేరడానికి రాసిన సెలవు చీటీనీ పక్కింటివాళ్ల చేత మంత్రిగారి ఆఫీసుకు పంపించాడు. గంటలో ఫోన్ మోగింది. అతను మాట్లాడలేడు కాబట్టి భార్య ఎత్తింది. అవతల పీఏ.

"మీ ఆయన జబ్బని సెలవు పెట్టాడేంటమ్మా? ఇవాళ్టి పేపరు చూడలేదా? 'మంత్రిగారి స్ఫూర్తితో నేనూ క్యాన్సర్‌ను జయించా' అని మొదటి పేజీలో ఆయనే చెప్పాడుగా!"