పసుపు గీతల ఆర్డరు

స్టోర్ కీపరు ఆ పొద్దున వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఆరున్నరకి మాత్ర వేసుకోవాలి. ఏడింటికల్లా తాళాల ఫ్యాక్టరీ చేరాలి. ఎనిమిదికి జనం వచ్చేలోపు, గేటు దగ్గర్నుంచి మేనేజరు గుమ్మం దాకా వరండా నేల మీద అడుగున్నరకొకటి చొప్పున పసుపు టేపు ముక్కలు అంటించెయ్యాలి. ఆ రోజు పెద్దాఫీసు నుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. స్టాకు రిజిస్టరు పట్టుకుని ఆయన ముందుకి నడిచి వెళ్ళాల్సింది స్టోర్ కీపరే. నడక అనే ఆ చిన్న పనే రెండేళ్ళుగా ఆయన చెప్పుచేతల్లో లేదు.

జబ్బు పేరు పార్కిన్సన్. చెయ్యి వణికితే జేబులో పెట్టుకోవచ్చు. కాళ్ళని ఏ జేబులో పెడతాడు? ఇరుకు దారో, గుమ్మమో, ఎదురుగా జనమో కనబడితే చాలు, రెండు పాదాలూ నేలకి బంకేసి అతికినట్టు ఆగిపోతాయి. విచిత్రమేమిటంటే, ముందు ఒక అడ్డగీత ఉంటే మాత్రం బుద్ధిగా దాన్ని దాటతాయి. ఈ కిటుకు ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన రోజునే ఇల్లాలు మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా సుద్దముక్కతో గీతలు గీసేసింది.

"ముప్పయ్యేళ్ళుగా నా మాట వినని కాళ్ళు, గీత మాట వింటున్నాయి చూడండి," అంది.

"గీత నోరెత్తదు కదే," అన్నాడు.

ఫ్యాక్టరీలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ప్యాకింగు అతను నడుం పట్టేసిందని నిజం చెప్పుకుంటే, మేనేజరు "విశ్రాంతి తీసుకోవయ్యా" అని ఎంతో ప్రేమగా, శాశ్వతంగా ఇంటికి పంపేశాడు. స్టోర్ కీపరుకి రిటైరుమెంటు ఇంకా మూడేళ్ళుంది. తిట్టి తీసేస్తే తిరగబడొచ్చు, జాలిపడి తీసేస్తే దణ్ణం పెట్టి వెళ్ళిపోవాల్సిందే.

అంటించడం ముగిసేసరికి రెండు చిక్కులొచ్చాయి. మేనేజరు గుమ్మానికి కాస్త ఇవతలే టేపు అయిపోయింది. వాచ్‌మన్ మాత్రం గంట ముందే వచ్చేశాడు.

"ఏంటన్నా ఈ గీతలు?"

స్టోర్ కీపరు కత్తెర వెనక్కి దాచి, నోటికొచ్చింది అనేశాడు. "పైనుంచి ఆర్డరు."

వాచ్‌మన్ ఆ మాట కోసమే పుట్టినవాడు. ఆర్డర్లో ఏముందని అడగలేదు. లేని భాగం తనే పూరించుకున్నాడు. ఎనిమిదింటికి పనివాళ్ళు వచ్చేసరికి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"గీతకొక అడుగు. మధ్యలో కాలు పడితే పేరు రాసుకుంటా."

"ఎందుకు బాబాయ్ ఈ గోల?" అన్నాడు ఫిట్టరు.

"ఎందుకో చెప్పేస్తే అది ఆర్డరెలా అవుతుందిరా?"

నలభై మంది బురదలో కొంగల్లా కాళ్ళెత్తి వేస్తూ లోపలికి వెళ్ళారు. తొమ్మిదింటికి మేనేజరు వచ్చి, నేల కేసి చూసి, వాచ్‌మన్ కేసి చూశాడు.

"పైనుంచి ఆర్డరండి," అన్నాడు వాచ్‌మన్.

తనకి తెలియని ఆర్డరు వాచ్‌మన్‌కి తెలిసిందంటే, కుర్చీ కింద ఎవరో గొయ్యి తవ్వుతున్నట్టే. మేనేజరు గొంతు పెంచాడు. "నాకు తెలీదనుకున్నావా? తెప్పించిందే నేను. ఆఫీసరుగారు వచ్చినప్పుడు గీతకొక మనిషి నిలబడాలని కూడా ఉంది అందులో. చదవలేదా?"

"చదివానండి," అన్నాడు వాచ్‌మన్.

పదింటికి కారు ఆగింది. గేటు పక్కనున్న స్టోరు గదిలోంచి స్టోర్ కీపరు రిజిస్టరుతో వరండాలోకి వచ్చి చూస్తే, ఒక్క గీతా కనబడలేదు. ప్రతి గీత మీదా ఒక జత బూట్లు. ఆయన పాదాలు అక్కడే ఆగిపోయాయి. ఆ ఫ్యాక్టరీలో తయారైన ఏ తాళమూ అంత గట్టిగా పడి ఉండదు.

ఆఫీసరు పొట్టిమనిషి. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని మెల్లగా వచ్చాడు. "ఈయన కదలడేం?"

మేనేజరు ముఖం మాడిపోయింది. వాచ్‌మన్ మాత్రం ఛాతీ విరిచాడు. "గీత ఖాళీ లేదండి. ఖాళీ అయితే గాని అడుగెయ్యడు. అంత క్రమశిక్షణ."

ఆఫీసరు స్టోర్ కీపరు పాదాలనీ, జనం బూట్ల సందుల్లోంచి కనబడుతున్న పసుపునీ చాలాసేపు చూశాడు. "అందరూ గోడ వైపు జరగండి," అన్నాడు. గీతలు బయటపడగానే ఒక్కొక్కటే దాటుకుంటూ కుర్రాడిలా నడిచాడు. ఆయన వెనకే స్టోర్ కీపరూ నడిచాడు.

గీతలు అయిపోయిన చోట, మేనేజరు గుమ్మం ముందు, ఆఫీసరు ఆగిపోయాడు.

"దయచెయ్యండి సార్."

ఆఫీసరు కదల్లేదు. మేనేజరు కుర్చీ తుడిచాడు. ఫ్యాను వేశాడు. అందుకు కోపమేమోనని ఆపేశాడు. గోడ మీద క్యాలెండరు పాత నెలలో ఉందని చూసి చించేశాడు. అయినా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. చివరికి మేనేజరుకి చెమటలు పట్టాయి.

"సార్, తప్పయిపోయింది. ఆ ఆర్డరు నేను తెప్పించలేదు. అసలు చూడను కూడా లేదు. ఈ వాచ్‌మన్..."

"నాకు అన్న చెప్పాడండి," అని వాచ్‌మన్ వేలు చూపించాడు.

నలభై జతల కళ్ళు స్టోర్ కీపరు మీద పడ్డాయి. ఆయన మాత్రం ఆఫీసరు బూట్లనే చూస్తున్నాడు. మడమలు లేవాలని చూస్తున్నాయి, వేళ్ళు నేలని వదలడం లేదు. ఆ నిలబడటం ఎలాంటిదో ఆయనకి అద్దంలో చూసుకున్నంత బాగా తెలుసు. ఊరుకుంటే తన గుట్టు నిలుస్తుంది, ఈ మనిషి పరువు పోతుంది. సాయం చేస్తే ఎలా తెలుసని అడుగుతారు. మూడేళ్ళ ఉద్యోగం కళ్ళ ముందు గిర్రున తిరిగింది.

రిజిస్టర్లోంచి కొలకర్ర తీసి, వంగి, గుమ్మం ముందు అడ్డంగా పెట్టాడు.

"కర్ర దాటండి సార్."

ఆఫీసరు దాటాడు. లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఎన్నేళ్ళు?"

"రెండండి. తమకి?"

"నాలుగు."

"ఇరవై రెండేళ్ళ సర్వీసండి ఆయనది," అని మేనేజరు సర్దబోయాడు.

"మీరు కాసేపు బయట నిలబడండి," అన్నాడు ఆఫీసరు. "గీత మీద."

స్టోర్ కీపరు కూడా కర్ర దాటి లోపలికి వచ్చాక తలుపు మూసుకుంది.

"మా ఇంట్లో చారల తివాచీ పరిచారు. ఆఫీసుల్లోనే చావు," అన్నాడు ఆఫీసరు. "ఇక్కడెవరికీ చెప్పలేదా?"

"తమరు చెప్పారా?"

ఇద్దరూ నవ్వారు. రిజిస్టరు ఆయన పట్టుకున్నా వణికింది, ఈయన పట్టుకున్నా వణికింది. బల్ల మీద పెడితే స్టాకు లెక్క సరిగ్గానే కనబడింది.

వారానికి నిజంగానే పైనుంచి ఆర్డరు వచ్చింది. అన్ని శాఖల్లోనూ పసుపు గీతలు వెయ్యాలి, కొలతలు స్టోర్ కీపరు చూసుకోవాలి. జబ్బు పేరుతో పెద్దాఫీసుని అడక్కుండా ఎవర్నీ ఇంటికి పంపకూడదు, పంపినవాళ్ళని వెనక్కి పిలవాలి. ప్యాకింగు అతను నడుముకి పట్టీ కట్టుకుని వచ్చేశాడు. ఆ రోజే టీ వేళ స్టోర్ కీపరు రెండేళ్ళ తర్వాత చెయ్యి జేబులోంచి బయటికి తీశాడు.

ఫిట్టరు ఆ వణుకు చూశాడు. "ఇదా బాబాయ్ సంగతి? అయితే ఇకనుంచి నీకు సగం గ్లాసే పోస్తా. రెండుసార్లు తాగు."

క్రమశిక్షణ నేర్పినందుకు మేనేజరుకి ప్రశంసాపత్రం వచ్చింది. గీతలెందుకో ఆయనకి ఇప్పటికీ తెలియదు గానీ, ఇంట్లో కూడా అంటించుకున్నాడట, భార్య అడిగితే పైనుంచి ఆర్డరన్నాడట.