మొస్యే ఏబిషర్ గారి గోధుమరంగు బూట్లు

ఆ మంగళవారం పొద్దున జిస్లేన్ వాకెరే వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు లోజాన్ నుంచి తనిఖీ అధికారి మొస్యే ఏబిషర్ వస్తాడు. పదీ అయిదుకు కాఫీ, చక్కెర పలుకులద్దిన షూకెత్‌లనే చిట్టి బన్నులు. పదింపావుకు ఫైళ్ళు, పదకొండింటికి కింది హాలు, పన్నెండింటికి సంతకం, పన్నెండున్నరకు వీధి మలుపులో ఉన్న హోటల్లో భోజనం, రెండూ నలభైకి ఆయన రైలు. ఇదంతా ఒక కాగితం మీద రాసి, "సంతకం" అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

జిస్లేన్ అంతర్జాతీయ సవాత్ సమాఖ్యకు సెక్రటరీ. సవాత్ అంటే బూట్లు వేసుకుని తన్నుకునే ఫ్రెంచి బాక్సింగ్. యాభై చిల్లర దేశాల్లో ఎవరు ఎవర్ని ఎక్కడ, ఎలా తన్నాలో నిర్ణయించే ఆ మహాసంస్థకు పారిస్‌లో ఉన్న ఆస్తి ఏమిటంటే మొదటి అంతస్తులో రెండు గదులు, కింద ఒక హాలు, ఒక ఫొటోకాపీ మిషన్, ఒక జిస్లేన్. పన్నెండేళ్ళుగా ఆ సంస్థకు లోజాన్‌లోని క్రీడా పెద్దలు ఇచ్చింది తాత్కాలిక గుర్తింపే. ఈసారైనా పూర్తి గుర్తింపు రాకపోతే గదులు ఖాళీ చేసి పై అంతస్తులోని పెతాంక్ సంఘానికి ఇచ్చెయ్యాలని నగరపాలక సంస్థ తాఖీదు పంపింది. నేలమీద ఇనుప బంతులు విసురుకునే ఆ సంఘం సెక్రటరీ బార్నబే, పోయిన వారమే కొలత టేపు పట్టుకుని దిగి వచ్చాడు.

"కిటికీలు కొలుచుకుపోదామని వచ్చానండీ. పరదాలకు."

"మేమింకా చావలేదు మొస్యే బార్నబే."

"అయ్యో, అంత మాటెందుకు మదామ్! మీకు ఏ రంగు ఇష్టమో చెప్పండి, అదే వేయిస్తాం. మీ గుర్తుగా ఉంటుంది."

ఆ రోజు నుంచి జిస్లేన్‌కు నిద్ర లేదు. పంతొమ్మిదేళ్ళు కూర్చున్న కుర్చీ అది. యాభై మూడేళ్ళ వయసులో, సవాత్ నిబంధనావళి తప్ప మరో విద్య రాని మనిషిని ఇంకెవరు రమ్మంటారు?

దీనికి తోడు గుర్తింపు దరఖాస్తు ఏడో పేజీ ఒకటి ఆమె గుండెల్లో ముల్లులా ఉంది. సమాఖ్య ప్రెసిడెంటు దుబ్రుల్ గారు డెబ్భై ఏళ్ళ మాజీ ఛాంపియన్. ఉత్సాహం వస్తే నోటికి తాళం ఉండదు. దరఖాస్తు రాయించేటప్పుడు ఆయన, "కార్యాలయ సిబ్బంది యావన్మందీ క్రీడాకారులే, వెండి గ్లవ్ స్థాయి వారే" అని చెప్పాడు. సిబ్బంది యావన్మందీ అంటే జిస్లేన్. వెండి గ్లవ్ అంటే ఈ విద్యలో దాదాపు శిఖరం.

"ప్రెసిడెంటు గారూ, నేను ఇన్నేళ్ళలో తన్నింది ఒక్క ఫొటోకాపీ మిషన్నే" అంది జిస్లేన్ అప్పుడే.

"గట్టిగానే తన్నావుగా? టైపు చెయ్. ఏడో పేజీ ఎవడు చదువుతాడు?"

ఇక ఆ పొద్దుటి సంగతి. మొస్యే ఏబిషర్ స్విట్జర్లాండు మనిషి కాబట్టి పదికి రమ్మంటే తొమ్మిదీ యాభైకి వచ్చాడు. ముందు గుమ్మం కాకుండా పెరటి వైపు నుంచి హాలు గుమ్మంలోకి వచ్చాడు. అక్కడ బల్ల మీద బోర్డు ఉంది: "వీధి బూట్లతో లోపలికి రాకూడదు." సవాత్ హాళ్ళలో ఇది ప్రాణం లాంటి నియమం. బయటి బూట్లు గుమ్మంలో విప్పి, లోపలికి వేరే బూట్లు వేసుకోవాలి. ఏబిషర్ నియమాలు కనబడితే పాటించే మనిషి. వంగి, తన గోధుమరంగు తోలు బూట్లు విప్పి, బల్ల కింద ముద్దుగా పక్కపక్కన పెట్టి, మేజోళ్ళతో హాలు దాటి మేడెక్కాడు.

పదికల్లా అదే బల్ల దగ్గరికి తాంగీ వచ్చాడు. ముప్పై రెండేళ్ళు రిఫరీగా చేసి రిటైరైన, ఫ్రాన్సు పడమటి తీరపు బ్రెతాన్ పెద్దాయన. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే చాలు, మధ్యలో దూరిపోతాడు. చేపల బజారులో ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటుంటే విడదీసి, గెలిచినావిడ చెయ్యి పైకెత్తిన ఘనుడు. ఇప్పుడు ఆయన పని, ఆటగాళ్ళు వదిలేసిన పాత బూట్లు పోగుచేసి దూరదేశాల క్లబ్బులకు పంపడం. ఈ ఆటను వట్టి కాళ్ళతో ఆడనివ్వరు. బూట్లు లేని క్లబ్బు పోటీకే రాకూడదు. ఆ రోజు మడగాస్కర్‌లోని తమతావ్ క్లబ్బుకు పెట్టె వెళ్ళాలి. తాంగీ పెరట్లో పెట్టె తెరిచి పెట్టుకుని, హాల్లో ఉన్న పాత జతలన్నీ అందులో సర్దేశాడు. బల్ల కింద మెరుస్తున్న గోధుమరంగు జత చూసి, "ఎవరో దొడ్డ మనసున్న మారాజు" అనుకుని అవీ లోపల పడేసి, పెట్టె మూసి, వ్యానువాడికి అప్పజెప్పి, చేతులు దులుపుకున్నాడు.

మేడ మీద మాత్రం అంతా పథకం ప్రకారమే నడిచింది. ఏబిషర్ కిటికీ పక్కన కూర్చుని మూడు షూకెత్‌లు తిన్నాడు, ఫైళ్ళు తిరగేశాడు, మధ్యమధ్య పెరట్లోకి చూశాడు. పదకొండింటికి "హాలు చూద్దామా?" అని లేచాడు. అప్పుడు జిస్లేన్ చూపు ఆయన పాదాల మీద పడింది. బూడిదరంగు మేజోళ్ళు, వాటిలోంచి బయటికి తొంగి చూస్తున్న ఒక బొటనవేలు.

"మీ బూట్లు...?"

"బోర్డు చదివాను మదామ్. బల్ల కింద విప్పాను."

జిస్లేన్ ఒక్క నిమిషం అని చెప్పి, మెట్లు రెండేసి చొప్పున దిగింది.

"పెద్దాయనా! బల్ల కింద గోధుమరంగు బూట్లు..."

"చూశావా తల్లీ, ఎంత బావున్నాయో! తమతావ్ వాళ్ళు పండగ చేసుకుంటారు."

"అవి లోజాన్ వారివి!"

తాంగీ వాకిలి వైపు చూశాడు. "వ్యాను వెళ్ళి ముప్పావు గంటైంది" అన్నాడు.

ఇంతలో ప్రెసిడెంటు దుబ్రుల్ వచ్చాడు. విషయం విని అరక్షణంలో తీర్మానం చేశాడు. "ఆయనకి చెప్పొద్దు. నేను తాంగీ స్కూటరేసుకుని వెళ్ళి వ్యానుని పట్టుకుంటాను. నేనొచ్చేదాకా ఏదో ఒకటి చూపిస్తూ ఉండు."

"ఏం చూపించను?"

"సవాత్ చూపించు. సవాత్ సమాఖ్య కాదూ మనది!" అంటూ ఆయన హెల్మెట్ తిరగేసి పెట్టుకుని మాయమైపోయాడు.

మేజోళ్ళతోనే మెట్లు దిగి వచ్చిన అతిథికి ఏదో ఒకటి తొడగాలి. హాల్లో బూట్లన్నీ మడగాస్కర్ దారి పట్టాయి. మిగిలింది ట్రోఫీల అలమరలో ఉన్న ఒకే ఒక జత. ఎప్పుడో చనిపోయిన ఒక హెవీవెయిట్ వీరుడివి, నలభై ఏడో నంబరు. ఏబిషర్ గారిది నలభై ఒకటి.

"అతిథికి మహావీరుల బూట్లు తొడగడం మా ఆచారం" అంది జిస్లేన్. ఆ ఆచారానికి అప్పటికి వయసు నాలుగు క్షణాలు.

"ఎంత గౌరవం!" అన్నాడు ఏబిషర్. తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. బూట్లు ముందు వెళ్ళాయి, ఆయన తర్వాత వెళ్ళాడు. జిస్లేన్ కూడా, తన బల్ల సొరుగులో ఉంచుకునే కాన్వాస్ బూట్లు తొడుక్కుని వెంట నడిచింది. ఆయన ముచ్చటపడి తాళ్ళ మధ్యలోంచి రింగులోకి దూరాడు. మర్యాదకు ఆమె కూడా దూరింది.

అక్కడే కొంప మునిగింది. తాంగీ తలెత్తి చూశాడు. రింగు బూట్లతో ఇద్దరు మనుషులు, తాళ్ళ లోపల, ఎదురెదురుగా. ముప్పై రెండేళ్ళ అలవాటు ఆయన్ని మెడ పట్టుకుని మధ్యలోకి తోసింది.

"వందనం!" అని గర్జించాడు.

ఏబిషర్ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుని వంగాడు. వంగి లేచి సంబరంగా, "అవును కదా! ఏడో పేజీలో చదివాను. మీది వెండి గ్లవ్ కదూ మదామ్? నాకొక ఆట చూపించాలి. ఊరికే తాకించే రకం, దెబ్బలు లేనిది" అన్నాడు.

జిస్లేన్ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నాకు... నడుం కొంచెం..."

"సిద్ధం!" అన్నాడు తాంగీ. గ్లవ్‌లు ఇద్దరి చేతులకూ ఎప్పుడు తొడిగాడో దేవుడికెరుక. "కానివ్వండి!"

జిస్లేన్‌కు కాలెత్తడం రాదు గానీ నిబంధనావళి పదకొండుసార్లు టైపు చేసింది. తన్ను బూటుతోనే తగలాలి, బూటుకు పైనున్న ముంగాలు తగలకూడదు. తాకాలి గానీ బలం ఉండకూడదు. పడిపోయిన వాణ్ణి ముట్టకూడదు. ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. కుడికాలు జానెడెత్తు లేపి, "క్షమించండి" అంటూ ఆయన తొడకు బెత్తెడు దూరంలో ఆపింది.

"పర్లేదు, పర్లేదు" అన్నాడు ఏబిషర్. ఆయన కూడా కాలెత్తాడు. పాదం లేచింది, బూటు మాత్రం నేలనే ఉండిపోయింది.

"ఆపండి!" అన్నాడు తాంగీ. వంగి బూటు తొడిగాడు. "కానివ్వండి!"

అలా రెండు రౌండ్లు సాగింది. ఆమె తన్నినప్పుడల్లా క్షమాపణ చెప్పింది. ఆయన తన్నినప్పుడల్లా బూటు తొడిగించుకున్నాడు. ఒకసారి ఇద్దరూ ఒకేసారి "ముందు మీరు" అనుకుని ఆగిపోయారు. తాంగీ ఇద్దరినీ మందలించాడు. జిస్లేన్‌కు చెమటలు పోస్తున్నాయి, జుట్టు ఊడింది, కళ్ళద్దాలు వంకరపోయాయి. అయినా విచిత్రం, లోపల్లోపల ఏదో చక్కిలిగింత మొదలైంది. పంతొమ్మిదేళ్ళు టైపు చేసిన ఆట ఇంత సరదాగా ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు. మూడో రౌండులో ఎత్తిన కాలు నిజంగానే నడుం దాకా లేచింది. తనకే నమ్మకం కుదరక "అరె!" అంది.

సరిగ్గా అప్పుడు ప్రెసిడెంటు దుబ్రుల్ పెట్టె ఒకటి భుజాన వేసుకుని ఒగరుస్తూ వచ్చాడు. "పట్టుకున్నాను! ఇటలీ చౌరస్తా సిగ్నల్ దగ్గర! ఈ భవనం నుంచి వెళ్ళిన పెట్టె ఏదిరా అంటే తీసిచ్చాడు! అబ్బ, బూట్లు ఇంత బరువుంటాయని తెలీదు!" అంటూ రింగు అంచున దించాడు.

పెట్టె అడుగు ఊడింది. బూట్లు రాలేదు. ఇనుప బంతులు వచ్చాయి. రెండు డజన్ల పెతాంక్ బంతులు గణగణమంటూ రింగంతా దొర్లాయి. ఒకటి అంచు మీద నుంచి ఎగిరి, నేరుగా మొస్యే ఏబిషర్ ఎడమ బూటు మొన మీద ధభీమని పడింది.

గుమ్మంలో బార్నబే ప్రత్యక్షమయ్యాడు, చేతిలో కొలత టేపుతో. "మా బంతులు! లియోన్ టోర్నమెంటుకి పంపిన మా బంతులు! దొంగలు!" అని కేకేశాడు. అంతలోనే నొక్కుకుపోయిన బూటు మొనను చూసి, టేపు జేబులోకి తోసేశాడు.

జిస్లేన్ కళ్ళు మూసుకుంది. గదులు, కుర్చీ, పరదాలు అన్నీ వరసగా కనిపించాయి.

"కంగారు పడకండి" అంది ఏబిషర్ గొంతు. ఆయన బూటు సగం మీద వేలు పెట్టి చూపించాడు. "నా కాలు ఇక్కడితో అయిపోయింది. ఆ పైదంతా ఖాళీ."

తాంగీ మాత్రం ఆనందంతో ఏడ్చేశాడు. ఏబిషర్ ఒక బంతి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఇది మీ ఆటలోదా?"

"మాది కాదండీ. వారిది" అని నలుగురూ ఒక్కసారే పైకప్పు వైపు చూపించారు. బార్నబే కూడా అలవాటుగా చూపించాడు.

ఏబిషర్ ఏదో రాసుకుని, సంతకం కాగితం తీశాడు. రెండు గీతలు గీసుకున్న ఘడియ అది. జిస్లేన్ చెయ్యి చాచింది, చాచి వెనక్కి తీసుకుంది. ఆ కాగితం ఇలా తీసుకుంటే రేపు ఆ కుర్చీలో తాను సుఖంగా కూర్చోలేదు.

"ఆగండి మొస్యే. ఏడో పేజీ అబద్ధం. నాకు వెండి గ్లవ్ లేదు, ఏ గ్లవ్వూ లేదు. ఈ రోజే మొదటిసారి కాలెత్తాను. ఇంకోటి, మీ బూట్లు పొరపాటున మడగాస్కర్ వెళ్ళిపోయాయి. మహావీరుల బూట్లు తొడిగే ఆచారం నేను మెట్ల దగ్గర కనిపెట్టాను."

ప్రెసిడెంటు దుబ్రుల్ తల పట్టుకున్నాడు. "అన్నీ చెప్పేసింది!"

ఏబిషర్ పెన్ను మూత తీశాడు. "గ్లవ్ సంగతి మొదటి నిమిషంలోనే తెలిసింది మదామ్. వెండి గ్లవ్ వాళ్ళు తన్నే ముందు క్షమాపణ అడగరు. నిబంధన ఒక్కటి కూడా తప్పకుండా ఆడిన మనిషిని మాత్రం ఈ రోజే చూశాను. ఇక బూట్లు..." ఆయన గొంతు తగ్గించాడు. "మీ కిటికీ లోంచి పెరడు కనబడుతుంది. ఆ పెద్దమనిషి నా బూట్లు పెట్టెలో వెయ్యడం కళ్ళారా చూశాను."

"మరి ఊరుకున్నారేం?"

"మా అత్తగారు ఇచ్చినవి. ఆరేళ్ళుగా కరుస్తున్నాయి. ప్రతి ఆదివారం వేసుకున్నానా లేదా అని పాదాలు చూస్తారావిడ. నాకు నేనుగా పారేసే ధైర్యం లేదు. ఇప్పుడు చెప్పడానికి నాకొక అంతర్జాతీయ కారణం దొరికింది. దయచేసి వాటిని వెతక్కండి."

అలా అని సంతకం పెట్టాడు. ఏడో పేజీ మాత్రం చించేసి, వచ్చే తనిఖీకల్లా సెక్రటరీ గారు ఏదో ఒక గ్లవ్ నిజంగా సంపాదించాలని షరతు రాశాడు. తన నివేదికలో, ఆరు నిమిషాల పోరులో ఎవరికీ గీత కూడా పడలేదనీ, ఇనుప బంతి నుంచి సైతం కాపాడే పాదరక్షలు ఈ క్రీడ ప్రత్యేకత అనీ, పై అంతస్తు సంఘాన్ని మాత్రం నేలమాళిగకు మార్చడం క్షేమమనీ రాశాడు. భోజనం చేసి, నలభై ఏడో నంబరు బూట్లలోనే, మారాజులా రైలెక్కాడు.

మూడు నెలలు గడిచాయి. గోడ మీద ఇప్పుడు పూర్తి గుర్తింపు పత్రం ఉంది, దాని పక్కనే జిస్లేన్ గురువారం క్లాసుల్లో సంపాదించిన నీలం గ్లవ్, అందరికన్నా కింది మెట్టుది, అద్దాల చట్రంలో. ఒకరోజు తమతావ్ నుంచి పార్సెల్ వచ్చింది. లోపల ఒక ఉత్తరం: "బూట్లన్నీ చక్కగా సరిపోయాయి, ఎంతో కృతజ్ఞులం. గోధుమరంగు జత మాత్రం క్లబ్బులో అందరినీ కరిచింది. కొబ్బరినూనె రాసినా మారలేదు. ఎవరికో ప్రియమైనవి అయివుంటాయని తిప్పి పంపుతున్నాం."

జిస్లేన్ ఉత్తరం రెండుసార్లు చదివి, బూట్లను మళ్ళీ పెట్టెలో పెట్టి, కొలత టేపు తీసుకుని, బార్నబే గారి పాదం ఎంతుందో కనుక్కోవడానికి నేలమాళిగలోకి దిగింది.