పదిహేను బారల లోతు

ఆ ఉదయం యెషయా గారి ఆలోచన చాలా చిన్నది. భీమిలిలో ఉన్న బావమరిది అమ్మిరాజుకు ఫోన్ చేయాలి, సాయంత్రం విశాఖ రైలెక్కాలి. ఎల్లుండికి భార్య ప్రేమమణి పోయి ఏడాది. ఆవిడ తండ్రి వల వేసిన చోటే వంజరం చేపలు పట్టి, జ్ఞాపకార్థ కూడికకు వచ్చినవాళ్లకు పులుసు పెట్టాలి.

ప్రేమమణి ప్రతి వేసవిలోనూ "మా నాన్న వేటాడిన చోటుకి ఒక్కసారి పడవలో తీసుకెళ్లండి" అనేది. "వచ్చే సెలవులకి చూద్దాం" అనేవారు యెషయా గారు. రైల్వే ఆఫీసులో రిటైరయ్యాక సెలవులన్నీ దొరికాయి, ఆవిడ దొరకలేదు.

ఒడ్డున చర్చి గోపురం, దాని వెనక కొండ ఒకే వరుసలో కనిపిస్తే అదే చోటని మామగారు గుర్తుపట్టేవారట. ఎంత దూరం వెళ్లాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందుకే యెషయా గారు పోర్టులో పనిచేసిన స్నేహితుడి దగ్గర పాత సముద్రం మ్యాపు సంపాదించారు. దాని నిండా అంకెలే. ఒక్కో అంకె అక్కడి లోతు, బారల్లో. బార అంటే రెండు చేతులూ చాచినంత, ఆరడుగులు. కొండ నుంచి గోపురం మీదుగా సముద్రంలోకి పెన్సిలుతో గీత గీస్తే, నీళ్లలో మునిగిన ఓ రాయి దాటగానే ఎనిమిది బారల లోతు ఒక్కసారిగా పదిహేనుకు జారే చోటు దొరికింది. చేపలు మెసిలేది అలాంటి అంచునే. అక్కడ ఇంటూ గుర్తు పెట్టి, బోయిగూడలోని తన వాటా గుమ్మంలో కూర్చుని ఫోన్ కలిపారు. అవతల సరిగ్గా వినబడక అరవాల్సి వచ్చింది.

"అమ్మిరాజూ! చోటు దొరికిందిరా! రాయి దాటగానే పదిహేను బారలు! అక్కడైతే తప్పకుండా పడతాయి!"

పైవాటా ఇమాం వలి ఖాళీ బిందెతో మెట్ల మీద ఉన్నాడు. మే నెలలో ఆ కాంపౌండులో 'పడతాయి' అంటే నీళ్లు తప్ప ఇంకేం పడతాయి? తొంగి చూస్తే మ్యాపు, లోతులు, ఇంటూ గుర్తు.

"ఏందీ సార్, బోరు పాయింట్ వెట్టించి మాకు ఒక్క మాట సుత చెప్పరా?"

"బోరేంటండీ వలి గారూ? ఇది సముద్రం."

"సముద్రమంత నీళ్లా? యా అల్లా!"

యెషయా గారు విడమరచి చెప్పేవారే. కానీ చెప్పాలంటే ప్రేమమణి పేరు ఎత్తాలి, ఎత్తితే అక్కడే ఏడ్చేస్తారు. మ్యాపు కుర్చీలో వదిలేసి, పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్లారు. ఆయన మౌనాన్ని కాంపౌండంతా అంగీకారం కింద జమకట్టింది.

మధ్యాహ్నానికి ఇమాం వలి బావమరిది హుస్సేన్ బోరు లారీతో దిగాడు. వస్తూ వస్తూ లారీ తగిలించి కాంపౌండుకున్న ఒకే ఒక్క కుళాయిని విరగ్గొట్టాడు. ఇక బోరు వేయక తప్పదు. పక్కవాటా డోరా టీచర్ మ్యాపు తెచ్చి నేల మీద పరిచింది.

"గోపురం ఇదిగో, మన చర్చిదే!"

"కొండేది మేడమ్?" అన్నాడు హుస్సేన్.

"వాటర్ ట్యాంకు అయ్యుంటుందిలే."

ఆ లెక్కన ఇంటూ గుర్తు యెషయా గారి గడప ముందే పడింది. గోల విని ఆయన బయటికి రాగానే, లారీ వెనక్కి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆగండయ్యా! లోపల నా పెట్టె ఉంది, టికెట్టుంది! నాకు రైలుంది!"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, జెర నీళ్లు చూస్కోని పోదురు" అన్నాడు హుస్సేన్. మిషను షురూ అయింది. యెషయా గారు ఇంకేమేమి అరిచారో ఎవరికీ వినపడలేదు.

రైలు వేళ దాటిపోయింది. బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డారు యెషయా గారు. 'ఈసారి కూడా తీసుకెళ్లలేదు మణీ' అనుకున్నారు.

రాయి దాటగానే, సరిగ్గా తొంభై అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. పిల్లలు తడుస్తూ గంతులేశారు. ఇమాం వలి వచ్చి యెషయా గారిని గట్టిగా కౌగిలించుకున్నాడు. డోరా టీచర్ దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఛీ! ఉప్పు!"

యెషయా గారు లేచి వెళ్లి దోసిలి పట్టారు. కొత్త పెళ్లికూతురుగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు ప్రేమమణి అన్న మాట గుర్తొచ్చింది: "మీ ఊళ్లో అన్నీ ఉన్నాయి గానీ ఉప్పుగాలి లేదండీ." ఆయన ఆ నీళ్లు తాగారు. మళ్లీ పట్టారు. ఏడాదిగా ఎవరి ముందూ ఏడవని మనిషి అందరి ముందూ బావురుమన్నారు.

"నీళ్ల కోసం కాదు వలి గారూ... చేపలండీ... మా మణి వాళ్ల నాన్న వల వేసిన చోటు అది. ఎల్లుండి మణి సంవత్సరీకం..."

ఇమాం వలి తడిసిన మ్యాపును మెల్లగా మడిచి, ఆయన చేతిలో పెట్టి, పక్కనే బురదలో కూర్చున్నాడు.

"ఏంది బావా గిది? గింత కష్టపడితే ఉప్పునీళ్లు పడ్డయ్!" అని హుస్సేన్ గునిశాడు.

ఇమాం వలి కళ్లు తుడుచుకున్నాడు. "సముద్రం మ్యాపు వెట్టి తవ్వితివి గదా, మంచినీళ్లెట్ల పడ్తయ్?"