లాభం అంటని యాభై ఏళ్లు

మా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ యాభై ఏళ్లు పూర్తి చేసుకుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. లాభాపేక్ష లేకుండా నడవాలన్నది దాని తొలి నియమం. ఆ నియమం కాపాడటానికి అక్కడివాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పుస్తకం అచ్చవగానే గోదాములో పెట్టి తాళం వేస్తారు. అమ్మకాల వేళ మధ్యాహ్నం రెండు నుంచి మూడు. తాళంచెవి ఉన్న గుమాస్తా భోజనం చేసి వచ్చేది మూడున్నరకి. అయినా ఒకసారి ఒక పుస్తకం ప్రతులన్నీ చెల్లిపోయాయి. వెంటనే విచారణ సంఘం వేశారు. అందరికీ తెలిసే భాషలో రాయడం వల్లే ఈ ప్రమాదం జరిగిందని సంఘం తేల్చింది.

సరిగ్గా ఆ తర్వాతే మా పిన్ని రాతప్రతి అక్కడికి చేరింది. పిన్ని ముప్ఫై నాలుగేళ్లు కాన్పుల వార్డులో నర్సు. డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలో నూట పది పేజీల్లో రాసింది. అచ్చు వేయాలంటే ఇద్దరు నిపుణులు బాగుందనాలి. మొదటాయన, "ఎవరు చదివినా అర్థమైపోతోంది, పాండిత్యం లోపించింది, అయినా వేయవచ్చు" అని రాశారు. రెండో ఆయన కాలం చేశారు. ఫైలు ఆయన పేరు మీద ఉంది కనుక అభిప్రాయం ఆయన నుంచే రావాలి. పన్నెండేళ్లుగా ఆయనకు గుర్తుచేస్తూ ఉత్తరాలు వెళ్తూనే ఉన్నాయి.

పిన్నికి చూపు తగ్గిపోతోంది. "కళ్లు కనబడుతుండగానే అచ్చులో చూసుకోవాలన్నదే నా ఆశ," అంటుంది. ఆ మాటే డైరెక్టరుగారికి చెప్పాను.

"తొందరపడితే ఎలాగమ్మా? మాకు ప్రమాణాలున్నాయి కదా!" అన్నారు.

ఈలోగా సంస్థ చరిత్ర మాత్రం నలభై రోజుల్లో వెలువడింది. రచయిత డైరెక్టరుగారు. నిపుణుల్లో ఒకరు ఆయన వియ్యంకుడు, రెండోవారు ఆయనే. తొమ్మిది వందల పేజీలు. ఆవిష్కరణ సభలో పిన్నిని వేదిక మీదికి పిలిచి, ఓర్పుగల రచయిత్రి అని జ్ఞాపిక ఇచ్చారు.

"పుస్తకమేది బాబూ?" మైకులోనే అడిగేసింది పిన్ని.

"రాబోయే పుస్తకాల పట్టికలో మొదటి పేరు మీదేనమ్మా! పన్నెండేళ్లుగా మీదే!" అన్నారు డైరెక్టరుగారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నెల తిరక్కుండానే డైరెక్టరుగారి అమ్మాయికి కాన్పయి రక్తం ఆగలేదు. డాక్టరు ఇంకా దారిలో ఉంది. వార్డు నర్సు సొరుగులోంచి నలిగిన జిరాక్సు కాగితాలు తీసింది. పిన్ని రాసినవే, చేతులు మారుతూ ఆమె పనిచేసిన ఆ వార్డులోనే ఉండిపోయాయి. వాటి ప్రకారం ఒక్కొక్కటే చేస్తూ, "మంచం కాళ్లవైపు ఎత్తాలి, ఏమైనా పెట్టండి!" అని కేకేసింది. ఆసుపత్రికి బహూకరించిన సంస్థ చరిత్ర ప్రతులు బీరువాలో తళతళలాడుతున్నాయి. డైరెక్టరుగారే మోసుకొచ్చి ఆ వైపు మంచం కోళ్ల కింద పెట్టారు. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు ఆయన మా ఇంటికొచ్చి, పిన్ని చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"మరి అచ్చు వేస్తారా బాబూ?" అంది పిన్ని.

ఆయన కళ్లు తుడుచుకున్నారు. "రెండో నిపుణుడి అభిప్రాయం ఒక్కటి రానివ్వండమ్మా. ఈ రోజే మళ్లీ ఉత్తరం రాయిస్తాను."

"పోస్టులో ఎందుకు బాబూ, ఇలా ఇవ్వండి. ఎలాగూ నేను అటే వెళ్తున్నాగా!"

ఈ సౌకర్యాన్ని డైరెక్టరుగారు వెంటనే ఫైల్లో నమోదు చేయించారు.